చదివిన కోడ్, నడిచిన కోడ్: స్టాటిక్, డైనమిక్ విశ్లేషణలను కలిపి వెబ్ అప్లికేషన్‌ను అర్థం చేసుకోవడం

కోడ్ చదివితే ఏమేం జరగవచ్చో తెలుస్తుంది. అప్లికేషన్‌ను నడిపి చూస్తే ఇప్పుడు ఏం జరిగిందో తెలుస్తుంది. మొదటిది స్టాటిక్ విశ్లేషణ, రెండోది డైనమిక్ విశ్లేషణ. కోడ్‌లో అన్ని దారులూ కనిపిస్తాయి గానీ వాటిలో నిజంగా తెరుచుకునేవి ఏవో తెలియదు. నడిపి చూస్తే నడిచిన దారి ఒక్కటే కనిపిస్తుంది, నడవనిది ఉందన్న సంగతే తెలియదు.

చాలా టీముల్లో ఈ రెండు పనులూ వేర్వేరు మనుషులు వేర్వేరు వారాల్లో చేస్తారు. ఆఖర్న రెండు పీడీఎఫ్‌లు ఒకే మెయిల్‌కు తగిలిస్తారు. దాన్ని కలపడం అనలేం. కోడ్ చదువుతుంటే పుట్టిన ప్రతి అనుమానం ఒక రిక్వెస్ట్‌గా మారాలి. ట్రాఫిక్‌లో కనిపించిన ప్రతి వింతా కోడ్‌లో ఏదో ఒక లైన్ దగ్గరికి మనల్ని తీసుకెళ్లాలి. ఈ రాకపోకలు ఎలా నడపాలో ఒక నిజమైన అప్లికేషన్ మీద, అడుగడుగునా చూద్దాం.

ఏ అప్లికేషన్ మీద

వెబ్ భద్రత మీద పనిచేసే ఓవాస్ప్ సంస్థ వారి జ్యూస్ షాప్‌ను తీసుకుంటున్నాం. నేర్చుకునేవాళ్ల కోసం కావాలనే లోపాలతో కట్టిన ఆన్‌లైన్ దుకాణం ఇది. 2014లో బ్యోర్న్ కిమ్మినిచ్ మొదలుపెట్టారు. వెనక నోడ్, ఎక్స్‌ప్రెస్; ముందు ఆంగ్యులర్; భాష టైప్‌స్క్రిప్ట్; డేటాబేస్ ఎస్‌క్యూలైట్, దానితో మాట్లాడటానికి సీక్వెలైజ్ లైబ్రరీ. ఉద్యోగాల్లో మనకు తగిలే అప్లికేషన్లలో చాలావాటి పొందిక దాదాపు ఇదే కాబట్టి ఇక్కడ నేర్చింది అక్కడ పనికొస్తుంది. వెర్షన్ మారితే కోడ్‌లో లైన్లు కొంచెం అటూ ఇటూ కావచ్చు.

ఒక్క హెచ్చరిక. ఇక్కడ చెప్పిన రిక్వెస్టులు మీ సొంత మెషీన్ మీద నడుస్తున్న కాపీకి, లేదా రాతపూర్వక అనుమతి ఉన్న సిస్టమ్‌కు మాత్రమే పంపండి. అనుమతి లేకుండా వేరేవాళ్ల కంప్యూటర్‌లోకి వెళ్లడం మన ఐటీ చట్టం 2000లోని 43వ సెక్షన్ కిందికి వస్తుంది. దురుద్దేశంతో చేసినట్టు తేలితే 66వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, 5 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. వేరేవాళ్ల సైట్‌లో లోపం కనబడితే ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలియజేసే మార్గం ఉంది.

1. చదివే కోడ్, నడిచే కోడ్ ఒకటేనని ముందే నిర్ధారించుకోండి

ఇక్కడ జరిగే పొరపాటు తర్వాతి పనినంతా పాడుచేస్తుంది. గిట్ నుంచి తాజా కోడ్ దింపుకుని చదువుతారు, డాకర్‌లో ఆర్నెల్ల కిందటి ఇమేజ్ నడుపుతారు. కోడ్‌లో ఉన్న తనిఖీ నడుస్తున్నదాంట్లో ఉండదు. ఒక పూట అంతా ఆ తేడాను వెతకడానికే పోతుంది.

కాబట్టి ఒక విడుదల ట్యాగ్ ఎంచుకుని ఆ కోడ్‌నే దింపుకోండి, అక్కడి నుంచే నడపండి. డాకర్ ఇమేజ్‌తో పోలిస్తే సోర్స్ నుంచి నడపడమే మనకు లాభం, ఎందుకంటే మధ్యలో లాగ్ లైన్లు పెట్టాలి, డీబగ్గర్ తగిలించాలి. రీడ్‌మీలో చెప్పిన నోడ్ వెర్షన్‌నే వాడండి. ఎస్‌క్యూలైట్ మాడ్యూల్‌లో మెషీన్ కోడ్‌గా కంపైల్ కావలసిన భాగం ఉంది. నోడ్ వెర్షన్ పొసగకపోతే ఇన్‌స్టాల్ అక్కడే ఆగి, సంబంధం లేనట్టు కనిపించే పొడవాటి ఎర్రర్ వస్తుంది. ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ ఫ్రంటెండ్‌ను కూడా కడుతుంది, అందుకే ఎక్కువసేపు పడుతుంది, ర్యామ్ కూడా బాగా తింటుంది. 4 జీబీ ఖాళీ ఉంచుకోండి. అయ్యాక ఎన్‌పీఎం స్టార్ట్ ఇస్తే 3000 పోర్ట్ మీద దుకాణం తెరుచుకుంటుంది.

సర్వర్ మొదలైన ప్రతిసారీ జ్యూస్ షాప్ డేటాబేస్‌ను చెరిపి కొత్తగా నింపుతుంది. మీరు తయారుచేసిన యూజర్లు, బాస్కెట్లు పోతాయి. అందుకని రెండు అకౌంట్లు సృష్టించి, లాగిన్ చేసి, టోకెన్లు (లాగిన్ అయినవారికి సర్వర్ ఇచ్చే గుర్తింపు స్ట్రింగులు) తెచ్చి ఫైల్‌లో పెట్టే చిన్న స్క్రిప్ట్ మొదటిరోజే రాసుకోండి. రీస్టార్ట్‌తో ఇంకో చిక్కు ఉంది. పాత టోకెన్ మీది సంతకం ఇంకా చెల్లుతుంది, ఎందుకంటే సంతకం చేసే కీ మారలేదు. కానీ ఏ టోకెన్ ఏ యూజర్‌దో రాసుకున్న పట్టిక సర్వర్ మెమరీలోది, అది పోయింది. దాంతో ఒకే టోకెన్ ఒక ఎండ్‌పాయింట్‌లో పనిచేసి, ఇంకోదాంట్లో 401 (లాగిన్ చెల్లదనే ఎర్రర్) తెస్తుంది. దీన్ని అనుమతుల తనిఖీ అనుకుని నోట్ చేసుకుంటే విశ్లేషణ పక్కదారి పడుతుంది. రీస్టార్ట్ చేశారంటే టోకెన్లు కొత్తగా తెచ్చుకోవాల్సిందే.

2. మొదటి చదువు: గుమ్మాల జాబితా

మొదట్లోనే స్కానర్ నడపొద్దు. సర్వర్.టీఎస్ ఫైల్ తెరిచి పైనుంచి కిందికి ఒకసారి చదవండి. ఎక్స్‌ప్రెస్‌లో వరుస ముఖ్యం: పైన రాసిన మిడిల్‌వేర్ (రిక్వెస్ట్ అసలు పని చేసే ఫంక్షన్‌కు చేరేలోపు నడిచే ఫంక్షన్) ముందు నడుస్తుంది, కింద రాసినది తర్వాత. అనుమతి తనిఖీ ఒక రూట్‌కు కింద రాసి ఉంటే, ఆ రూట్‌కు అది లేనట్టే.

గెట్, పోస్ట్, పుట్, ప్యాచ్, డిలీట్, యూజ్ అనే పిలుపులన్నీ వెతికి ఒక స్ప్రెడ్‌షీట్‌లోకి ఎక్కించండి. మెథడ్, పాత్, దాన్ని కాసే మిడిల్‌వేర్, పని చేసే ఫంక్షన్, ఫైల్ పేరు చాలు. ఇంకో రెండు కాలమ్‌లు ఖాళీగా ఉంచండి: ఒకటి "చదివాం", ఇంకొకటి "చూశాం". ఈ గైడ్ మొత్తానికి ఆధారం ఆ రెండు కాలమ్‌లే. ఏ వాక్యం రాసినా అది కోడ్‌లో చదివిందా, నడిపి చూసిందా అన్నది అక్కడ పడాలి. ఊహకు కాలమ్ లేదు.

జ్యూస్ షాప్‌లో ఈ దశలోనే రెండు విషయాలు తగులుతాయి. ఒకటి, ఏపీఐ అనే పాత్ కింద ఉన్న చాలా వాటికి కాపలా లైన్ మాత్రమే ఉంది, పని చేసే ఫంక్షన్ ఎక్కడా లేదు. రెండు, ప్రొడక్ట్‌ను మార్చే పుట్ పాత్‌కు ఉండాల్సిన అనుమతి తనిఖీ కామెంట్‌లో ఉంది. మీరు మామూలు టెక్స్ట్ వెతుకులాటతో జాబితా కట్టి ఉంటే ఆ కామెంట్ లైన్ కూడా "కాపలా ఉంది" అనే లెక్కలోకి వెళ్లిపోతుంది. సెమ్‌గ్రెప్ లాంటి పరికరం కోడ్‌ను వాక్యనిర్మాణంగా చదువుతుంది కాబట్టి కామెంట్‌ను లెక్కచేయదు. జాబితా కట్టడానికి కూడా మామూలు టెక్స్ట్ వెతికే గ్రెప్ కంటే దాన్నే వాడమనేది ఇందుకే.

సెమ్‌గ్రెప్‌ను మొత్తం ఫోల్డర్ మీదికి వదిలే ముందు ఇగ్నోర్ ఫైల్ రాసుకోండి. నోడ్ మాడ్యూల్స్, కట్టిన ఫైళ్లు, టెస్టులు సరే. జ్యూస్ షాప్‌లో డేటా, స్టాటిక్ అనే ఫోల్డర్ల లోపల కోడ్‌ఫిక్సెస్ అని ఇంకో ఫోల్డర్ ఉంది. పాఠాల కోసం పెట్టిన తప్పు పరిష్కారాల, సరైన పరిష్కారాల తునకలు అవి. సర్వర్ వాటిని ఎప్పుడూ నడపదు. స్కానర్‌కు ఆ సంగతి తెలియదు, ఒకే లోపాన్ని నాలుగైదు సార్లు చూపిస్తుంది. నిజమైన ప్రాజెక్టుల్లో దీని స్థానంలో పాత వెర్షన్ల ఫోల్డర్లు, వాడకంలో లేని మాడ్యూల్స్ ఉంటాయి. నడవని కోడ్‌లో లోపాన్ని రిపోర్ట్‌లో రాస్తే డెవలపర్లు మిగతా రిపోర్ట్‌ను కూడా నమ్మడం మానేస్తారు.

3. మొదటి నడక: మామూలు వాడుకరిలా

బ్రౌజర్‌కు, సర్వర్‌కు మధ్య సాగే రిక్వెస్టులను చూపే ప్రాక్సీ ఒకటి, బర్ప్ సూట్ గానీ జాప్ గానీ, మధ్యలో పెట్టండి. రెండూ మామూలుగా 8080 పోర్ట్ మీదే కూర్చుంటాయి, రెండూ ఒకేసారి తెరిస్తే రెండోది మొరాయిస్తుంది. ఇంకో సాధారణ ఇబ్బంది: ప్రాక్సీ పెట్టినా ట్రాఫిక్ కనిపించదు. క్రోమ్ లోకల్‌హోస్ట్ రిక్వెస్టులను ప్రాక్సీకి పంపదు. ఫైర్‌ఫాక్స్‌లో అయితే అబౌట్ కాన్ఫిగ్‌లోకి వెళ్లి లోకల్‌హోస్ట్‌ను ప్రాక్సీ గుండా పంపనిచ్చే సెట్టింగ్‌ను ట్రూ చేయాలి. బర్ప్‌తో వచ్చే సొంత బ్రౌజర్ వాడితే ఈ గొడవ ఉండదు.

డెవ్‌టూల్స్‌లో క్యాష్ ఆపేయండి. లేకపోతే ఎన్నో రెస్పాన్సులు 304 అని ఖాళీగా వస్తాయి, లోపలి డేటా మీకు అందదు.

ఇప్పుడు దుకాణంలో ఒక కొనుగోలుదారు చేసే పనులన్నీ చేయండి: రిజిస్టర్, లాగిన్, వెతకడం, బాస్కెట్‌లో వేయడం, రివ్యూ రాయడం, చిరునామా పెట్టడం, డబ్బు కట్టడం, ఫిర్యాదుకు ఫైల్ తగిలించడం. ప్రతి పనికీ ముందు ప్రాక్సీలో ఒక గుర్తు పెట్టుకోండి, ఏ క్లిక్‌కు ఏ రిక్వెస్టులు వెళ్లాయో తర్వాత విడదీయగలగాలి. టెక్స్ట్ బాక్సుల్లో "టెస్ట్" అని కొట్టొద్దు. ఒక్కో బాక్సుకు ఒక్కో ప్రత్యేకమైన గుర్తు ఇవ్వండి, రివ్యూకు ఒకటి, చిరునామాకు ఒకటి. తర్వాత ఆ గుర్తు కోసం డేటాబేస్‌లో, లాగుల్లో, ఇతర పేజీల రెస్పాన్సుల్లో వెతికితే మీరిచ్చిన డేటా ఎక్కడెక్కడికి పాకిందో బయటపడుతుంది. "టెస్ట్" అని వెతికితే వందలు దొరుకుతాయి, ఏదీ మీది కాదు.

ఆటోమేటిక్ యాక్టివ్ స్కాన్‌ను ఈ దశలో ముట్టుకోవద్దు. అది లాగౌట్ లింక్ నొక్కేస్తుంది, చెత్త డేటాతో డేటాబేస్ నింపుతుంది. మామూలు ప్రవర్తన ఎలా ఉంటుందో మీకు తెలియకముందే ఆ మామూలును చెడగొడుతుంది.

4. రెండు జాబితాలను ఎదురెదురుగా పెట్టండి

ట్రాఫిక్‌లోని పాత్‌లలో సంఖ్యలున్నచోట ఐడీ అని మార్చి, ఒకే పాత్ ఒక్కసారే వచ్చేలా చేయండి. కోడ్ జాబితాతో పోల్చండి. మూడు కుప్పలు పడతాయి: రెండింట్లో ఉన్నవి, కోడ్‌లో మాత్రమే ఉన్నవి, ట్రాఫిక్‌లో మాత్రమే ఉన్నవి. మొదటి కుప్పను పక్కన పెట్టండి. అసలు విషయం మిగతా రెండింట్లో ఉంది.

ట్రాఫిక్‌లో ఉండి, కోడ్‌లో పనిచేసే ఫంక్షన్ దొరకని వాటిలో ఏపీఐ కింద ప్రొడక్ట్స్, ఫీడ్‌బ్యాక్స్, ఛాలెంజెస్ లాంటివి వరుసగా కనిపిస్తాయి. వాటిలో క్వాంటిటీ అనే పాత్‌ను దగ్గరగా చూడండి. ఇంగ్లీషు బహువచనంలో చివరి వై పోవాలి, ఇక్కడ వై అలాగే ఉండి పక్కనే ఎస్ చేరింది. మనిషి చేత్తో రాస్తే అలా రాయడు. ఏదో లూప్ మోడల్ పేరుకు ఎస్ తగిలిస్తోందన్నమాట. ఆ ఊహతో సర్వర్.టీఎస్‌లోకి వెళ్లి పాత్ పేర్ల బదులు లూప్‌ల కోసం వెతికితే దొరుకుతుంది: ఫినాలే అనే లైబ్రరీ, మోడళ్ల జాబితా ఒకటి, ఒక్కో మోడల్‌కు పాత్‌లు తయారుచేసే ఫర్ లూప్. చదవడం, సృష్టించడం, మార్చడం, తీసేయడం అన్నీ ఆ లైబ్రరీయే పుట్టిస్తోంది.

దీంతో ఒక్కసారిగా చాలా తేలుతుంది. మనం బ్రౌజర్‌లో చూసింది ఆ పాత్‌లలో కొన్ని మెథడ్‌లను మాత్రమే. లూప్ మిగతావాటిని కూడా తెరిచి ఉంచింది, ఎక్కడెక్కడ కాపలా పెట్టారో అక్కడ తప్ప. ఇందాకటి కామెంట్‌లో ఉన్న పుట్ తనిఖీ గుర్తుందా? టోకెన్ లేకుండా ఒక ప్రొడక్ట్ వివరణ మార్చే పుట్ రిక్వెస్ట్ పంపండి. 200 వస్తుంది, వివరణ మారుతుంది. "చదివాం" కాలమ్‌లో కామెంట్ లైన్, "చూశాం" కాలమ్‌లో ఆ రెస్పాన్స్. ఇప్పుడది నిర్ధారణ.

అదే లైబ్రరీ గురించి ఇంకో ప్రశ్న: యూజర్‌ను సృష్టించేటప్పుడు ఫారంలో లేని ఫీల్డ్‌లు పంపితే? యూజర్ మోడల్ చదవండి, రోల్ అనే ఫీల్డ్ ఉంది. రిజిస్ట్రేషన్ ఫారంలో అది లేదు. రిక్వెస్ట్‌లో రోల్ అడ్మిన్ అని జతచేసి పంపితే అడ్మిన్ అకౌంట్ పుడుతుంది. ఫారం మాత్రమే చూసినవారికి ఆ ఫీల్డ్ ఉందని తెలియదు, మోడల్ మాత్రమే చదివినవారికి బయటి నుంచి దాన్ని నింపవచ్చని తెలియదు.

కోడ్‌లో మాత్రమే ఉన్న కుప్పలో బీటూబీ (కంపెనీల మధ్య) ఆర్డర్ల పాత్ లాంటివి ఉంటాయి, వాటిని ఫ్రంటెండ్ ఎప్పుడూ పిలవదు. వీటికి రిక్వెస్ట్ ఎలా రాయాలో కోడే చెబుతుంది: బాడీలో ఏ పేర్లు చదువుతోంది, ఏ రకం ఆశిస్తోంది. మెషీన్ల కోసం పెట్టిన పాత్‌లలో తనిఖీలు వదులుగా ఉండటం మామూలే, కాబట్టి వీటికి సమయం కేటాయించండి.

రూట్లు ఎక్కడో లైబ్రరీలో పుట్టే అప్లికేషన్లలో నడుస్తున్న ప్రోగ్రామ్‌నే అడగడం సులువు. ఎక్స్‌ప్రెస్ 4లో అప్లికేషన్ ఆబ్జెక్ట్ లోపలి రౌటర్ స్టాక్‌ను ప్రింట్ చేయొచ్చు. లారావెల్‌లో ఆర్టిసాన్ రూట్ లిస్ట్, రైల్స్‌లో రైల్స్ రూట్స్, స్ప్రింగ్ బూట్‌లో యాక్చుయేటర్ మ్యాపింగ్స్ ఉన్నాయి. జాంగోకు ఎక్స్‌టెన్షన్స్ ప్యాకేజీ వేస్తే షో యూఆర్‌ఎల్స్ కమాండ్ వస్తుంది.

5. డేటా వెంట వెళ్లండి: లాగిన్ ఉదాహరణ

రూట్స్ ఫోల్డర్‌లో లాగిన్.టీఎస్ తెరవండి. ఈమెయిల్, పాస్‌వర్డ్ రెండింటినీ బ్యాక్‌టిక్ స్ట్రింగ్‌లో నేరుగా అతికించి సీక్వెలైజ్ క్వెరీకి ఇస్తున్నారు. సెమ్‌గ్రెప్‌లో టెయింట్ రూల్ (బయటి డేటా ప్రమాదకరమైన చోటికి చేరుతోందా అని వెంబడించే రూల్) రాసేటప్పుడు మూలం రిక్వెస్ట్ బాడీ, చేరకూడని చోటు ఆ క్వెరీ ఫంక్షన్. ఉచిత వెర్షన్ ఒక ఫంక్షన్ సరిహద్దు దాటి డేటాను వెంబడించదు. ఇక్కడ రెండూ ఒకే ఫంక్షన్‌లో ఉన్నాయి కాబట్టి పట్టుకుంటుంది. నాలుగు ఫైళ్లు దాటి వెళ్లే డేటాకు కోడ్‌క్యూఎల్ అనే విశ్లేషణ పరికరం మేలు. దాన్ని ఓపెన్ సోర్స్ కోడ్ మీద ఉచితంగా వాడుకోవచ్చు, కంపెనీ సొంత కోడ్ మీద నడిపే ముందు లైసెన్స్ చూసుకోండి.

రూల్ రెండు దారులు చూపిస్తుంది: ఈమెయిల్ నుంచి ఒకటి, పాస్‌వర్డ్ నుంచి ఒకటి. రెండూ లోపాలేనా? కళ్లతో చదివితే పాస్‌వర్డ్ క్వెరీలోకి వెళ్లే ముందు హ్యాష్ ఫంక్షన్ గుండా పోతోంది. ఆ హ్యాష్ ఎండీ5, హెక్స్ రూపంలో. అంటే బయటికి వచ్చేది 0 నుంచి 9, ఏ నుంచి ఎఫ్ దాకా ఉన్న 32 అక్షరాలే. అందులో సింగిల్ కోట్ బతికి బయటపడే వీలే లేదు.

చదివిందాన్ని ఇప్పుడు నడిపి చూద్దాం. ముందు ఒక పని: మోడల్స్ ఫోల్డర్‌లోని ఇండెక్స్ ఫైల్‌లో సీక్వెలైజ్‌ను సృష్టించేచోట లాగింగ్ ఫాల్స్ అని ఉంది. దాన్ని కన్సోల్ లాగ్‌కు మార్చి, మళ్లీ కట్టి, సర్వర్ మొదలుపెట్టండి. ఇక డేటాబేస్‌కు వెళ్లే ప్రతి ఎస్‌క్యూఎల్ వాక్యం టెర్మినల్‌లో కనిపిస్తుంది. ఈ గైడ్‌లో అతి తక్కువ శ్రమకు అతి ఎక్కువ ఫలితమిచ్చే మార్పు ఇదే. వేరే డేటాబేస్‌లలో కోడ్ ముట్టుకోకుండానే ఇది చేయొచ్చు: మైఎస్‌క్యూఎల్‌లో జనరల్ లాగ్, పోస్ట్‌గ్రెస్‌లో లాగ్ స్టేట్‌మెంట్‌ను ఆల్ చేయడం. ఆ లాగుల్లో పాస్‌వర్డ్‌లు, వ్యక్తిగత వివరాలు పడతాయి, ప్రొడక్షన్‌లో మాత్రం తెరవకండి.

ఈమెయిల్ బాక్సులో ఒకే ఒక్క సింగిల్ కోట్ ఇచ్చి, పాస్‌వర్డ్ ఏదో ఒకటి కొట్టండి. 500 వస్తుంది, రెస్పాన్స్‌లో ఎస్‌క్యూలైట్ ఎర్రర్ ఉంటుంది, టెర్మినల్‌లో కోట్లు సరిపోక విరిగిన వాక్యం కనిపిస్తుంది. ఇప్పుడు తిరగేసి, ఈమెయిల్ మామూలుది ఇచ్చి పాస్‌వర్డ్‌లో కోట్ పెట్టండి. 401, అంతే. టెర్మినల్‌లో వాక్యం చెక్కుచెదరలేదు. ఈమెయిల్ దారి నిజమైన లోపం (ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్), పాస్‌వర్డ్ దారి తప్పుడు హెచ్చరిక. రూల్‌లో హ్యాష్ ఫంక్షన్‌ను శుద్ధిచేసే ఫంక్షన్‌గా చేర్చండి, ఆ తప్పుడు హెచ్చరిక మళ్లీ రాదు. పాస్‌వర్డ్‌ను ఎండీ5తో దాచడం వేరే లోపం, దాన్ని విడిగా రాసుకోండి.

వెతికే పేజీలో చదువు డైనమిక్ పరీక్షకు ఇంకో రకంగా సాయం చేస్తుంది. సెర్చ్.టీఎస్‌లో కూడా ఇలాగే అతికించారు, కానీ రెండు వివరాలు గమనించండి. వెతికే మాట 200 అక్షరాలు దాటితే మిగతాది కత్తిరిస్తున్నారు. ఆ మాట పడేచోటు రెండు బ్రాకెట్ల లోపల ఉంది. కాబట్టి వాక్యాన్ని సరిగ్గా ముగించాలంటే కోట్ తర్వాత రెండు బ్రాకెట్లు మూయాలి. పొడవాటి పేలోడ్‌లు (దాడి స్ట్రింగులు) పంపే స్కానర్‌కు తోక తెగిపోయి "ఇక్కడేమీ లేదు" అనే జవాబు రావచ్చు. కోడ్ చదివినవారు మొదటి రెండు మూడు రిక్వెస్టుల్లోనే తేలుస్తారు.

6. పరికరాలకు అందని లోపాలు: ఎవరిది ఎవరు చూడొచ్చు

బాస్కెట్.టీఎస్ చూడండి. పాత్‌లో వచ్చిన ఐడీతో బాస్కెట్‌ను వెతికి, లోపలి వస్తువులతో సహా పంపుతోంది. క్వెరీ సురక్షితంగా కట్టారు, టెయింట్ రూల్‌కు ఫిర్యాదేమీ లేదు. పైన సర్వర్.టీఎస్‌లో లాగిన్ తనిఖీ కూడా ఉంది. స్టాటిక్ పరికరం దృష్టిలో అంతా బాగే.

లేనిదేమిటంటే, ఆ బాస్కెట్ అడిగినవారిదేనా అన్న ప్రశ్న. వెతికే షరతులో బాస్కెట్ ఐడీ ఉంది, యూజర్ ఐడీ లేదు. లేని లైన్‌ను పరికరాలు పట్టుకోలేవు, ఎందుకంటే అది ఉండాలని వాటికి ఎవరూ చెప్పలేదు.

దీనికి మనం రాసుకున్న ఇద్దరు యూజర్ల స్క్రిప్ట్ పనికొస్తుంది. మొదటి యూజర్‌గా చేసిన రిక్వెస్టులన్నీ ప్రాక్సీ నుంచి తీసి, ఒక్కోదాన్నీ మూడు రకాలుగా మళ్లీ పంపండి: తన టోకెన్‌తో, రెండో యూజర్ టోకెన్‌తో, అసలు టోకెన్ లేకుండా. మూడు జవాబులను పక్కపక్కన పెట్టండి. స్టేటస్ కోడ్ ఒక్కటే చూసి వదిలేయకండి. 200 వచ్చి లోపల ఖాళీ జాబితా ఉండొచ్చు, రెండు రెస్పాన్సుల నిడివి ఒకటే అయి లోపలి పేర్లు వేరు కావచ్చు. బాస్కెట్ విషయంలో రెండో యూజర్ టోకెన్‌తో మొదటి యూజర్ వస్తువులు వస్తాయి, టోకెన్ లేకపోతే 401 వస్తుంది. లాగిన్ తనిఖీ ఉంది, హక్కు తనిఖీ లేదు.

ఒకటి దొరికాక మళ్లీ కోడ్‌కు రండి. ఐడీని పాత్ నుంచి గానీ బాడీ నుంచి గానీ తీసుకుని, యూజర్ ఐడీ లేకుండా వెతికే ఫంక్షన్లు ఇంకెన్ని ఉన్నాయి? ఈ ఆకారానికి సెమ్‌గ్రెప్ రూల్ రాయడం తేలికే, ఎందుకంటే ఇప్పుడు ఏం వెతకాలో మనకు తెలుసు. నడకలో దొరికిన ఒక్క లోపం చదువులో ఆ జాతి మొత్తాన్ని పట్టించే వలగా మారుతుంది. రివ్యూలను మార్చే పాత్‌ను అప్పుడే చూడండి: అక్కడ రివ్యూ ఐడీ బాడీ నుంచి నేరుగా మార్సుడీబీ అనే డాక్యుమెంట్ డేటాబేస్‌కు వెళ్తుంది, సరిపోయినవన్నీ మార్చే మల్టీ ఆప్షన్ కూడా ట్రూ అని ఉంది. ఐడీ బదులు షరతు ఉన్న ఆబ్జెక్ట్ పంపితే ఒక్క రిక్వెస్ట్‌తో అందరి రివ్యూలూ మారిపోతాయి.

7. ప్రాక్సీకి కనిపించని సగం: బ్రౌజర్

జ్యూస్ షాప్‌లో వెతికే పేజీ చిరునామాలో హాష్ (#) గుర్తు తర్వాత వెతికే మాట ఉంటుంది. హాష్ తర్వాతి భాగాన్ని బ్రౌజర్ సర్వర్‌కు పంపదు. ప్రాక్సీ లాగ్ ఎంత వెతికినా మీ గుర్తు ఆ రూపంలో కనబడదు. ఈ దారి కోడ్‌లోనే దొరకాలి. ఫ్రంటెండ్ ఫోల్డర్‌లో ఆంగ్యులర్ భద్రతను దాటవేసే ఫంక్షన్ల కోసం, అంటే బైపాస్ సెక్యూరిటీ అని మొదలయ్యే వాటి కోసం వెతకండి. వెతుకులాట ఫలితాల కాంపొనెంట్‌లో చిరునామాలోని మాటను నమ్మదగిన హెచ్‌టీఎమ్‌ఎల్‌గా ముద్రవేసి పేజీలో పెడుతున్నారు.

డెవ్‌టూల్స్ సోర్సెస్‌లో ఆ లైన్ మీద బ్రేక్‌పాయింట్ పెట్టి, వెతికే మాటలో బోల్డ్ ట్యాగ్ ఒకటి ఇవ్వండి. ఆగినచోట విలువ చూడండి, తర్వాత పేజీలో అక్షరాలు లావుగా పడ్డాయేమో చూడండి. పడితే చాలు, అలర్ట్ పెట్టెలు తెప్పించాల్సిన పనిలేదు.

సోర్స్ చేతిలో లేని సైట్‌లో కూడా ఫ్రంటెండ్ బండిల్ మీ బ్రౌజర్‌లోకి వస్తుంది. దాన్ని చదవడం కూడా స్టాటిక్ విశ్లేషణే. రూట్ల పట్టికలో అడ్మినిస్ట్రేషన్, స్కోర్ బోర్డ్ లాంటి మెనూలో లేని పేజీలు అక్కడ దొరుకుతాయి. ఆంగ్యులర్ గార్డ్ ఒక పేజీని దాచిందంటే ఆ పేజీ పిలిచే ఏపీఐని సర్వర్ కాస్తోందని అర్థం కాదు. ఆ పిలుపులను విడిగా, మూడు టోకెన్ల పద్ధతిలో పంపి చూడాల్సిందే.

8. ఎంత నడిచామో కొలవండి

పని పూర్తయిందనే భావనకు కొలత కావాలి. నోడ్‌లో సీ8 అనే పరికరం కింద సర్వర్‌ను నడిపి, మీ నడకంతా మళ్లీ చేసి, ఆపితే ఏ లైన్లు నడిచాయో ఫైల్ వారీగా వస్తుంది. ప్రాసెస్ సవ్యంగా ముగిస్తేనే కవరేజ్ రాస్తుంది. కిల్ మైనస్ 9 కొడితే ఏమీ మిగలదు. ఆపమన్న సిగ్నల్‌ను అప్లికేషన్ పట్టించుకోకపోతే కంట్రోల్ సీతో కూడా ఖాళీ రిపోర్ట్ రావచ్చు. అప్పుడు ఆ సిగ్నల్ రాగానే ప్రాసెస్ ఎగ్జిట్ పిలిచే మూడు లైన్ల ఫైల్‌ను రిక్వైర్ ఆప్షన్‌తో ముందే లోడ్ చేయండి.

రిపోర్ట్‌లో శాతం మీద దృష్టి పెట్టొద్దు. రూట్స్ ఫోల్డర్‌లో ఎర్రగా ఉన్న బ్లాకులను ఒక్కోటీ తెరిచి, అక్కడికి చేరడానికి ఏ షరతు నిజం కావాలో చదవండి. అది మీ తర్వాతి రిక్వెస్ట్. చేరలేకపోతే కారణం రాసుకోండి: చచ్చిన కోడ్, కాన్ఫిగరేషన్‌లో ఆపినది, వేరే పాత్ర కావాల్సినది. మూడోది ఎక్కువగా తగిలితే ఇంకో పాత్రతో అకౌంట్ చేసి నడక మొత్తం మళ్లీ చేయాలి. లైన్ పచ్చగా ఉన్నంత మాత్రాన దాన్ని పరీక్షించినట్టు కాదు. బాస్కెట్ ఫంక్షన్ మొదటి నడకలోనే పూర్తి పచ్చగా ఉంటుంది, లోపం అలాగే ఉంటుంది.

ఏదైనా విలువ ఎక్కడ మారుతోందో అంతుపట్టకపోతే ఇన్‌స్పెక్ట్ ఆప్షన్‌తో నోడ్‌ను నడిపి, 9229 పోర్ట్‌కు క్రోమ్ గానీ వీఎస్ కోడ్ గానీ తగిలించండి. ఆ పోర్ట్ అందినవారెవరైనా మీ మెషీన్‌లో కోడ్ నడపగలరు. డాకర్‌లో బయటికి తెరవాల్సివస్తే 127.0.0.1కే కట్టండి.

9. దొరికినదాన్ని నిలబెట్టండి

నిర్ధారణ అయిన ప్రతి లోపానికీ రెండు వస్తువులు మిగలాలి: ఆ ఆకారాన్ని పట్టే సెమ్‌గ్రెప్ రూల్ ఒకటి, దాన్ని నడిపి చూపే రిక్వెస్ట్ టెస్ట్ ఒకటి. లాగిన్‌కు సరైన దిద్దుబాటు రీప్లేస్‌మెంట్స్ లేదా బైండ్ వాడి విలువలను విడిగా పంపడం. దిద్దాక రూల్ మౌనంగా ఉండాలి, సింగిల్ కోట్ టెస్ట్‌కు 500 బదులు 401 రావాలి. రూల్ మౌనంగా ఉండి టెస్ట్ ఇంకా విరుగుతుంటే డెవలపర్ అదే అతికింపును వేరే ఫంక్షన్‌లోకి జరిపారేమో చూడండి. టెస్ట్ సరిగ్గా ఉండి రూల్ ఇంకా అరుస్తుంటే రూల్‌కు కొత్త శుద్ధి ఫంక్షన్ తెలియదు, నేర్పండి.

రూల్స్ తేలిగ్గా నడుస్తాయి కాబట్టి ప్రతి పుల్ రిక్వెస్ట్ మీదా పెట్టండి, మారిన ఫైళ్లకే పరిమితం చేయండి. ఇద్దరు యూజర్ల టెస్టులకు నడిచే సర్వర్, తాజా డేటాబేస్ కావాలి, వాటిని రాత్రి బిల్డ్‌లో ఉంచండి. రూట్ల జాబితాను కూడా ఆ బిల్డ్‌లోనే ప్రింట్ చేసి నిన్నటిదానితో పోల్చే లైన్ ఒకటి చేర్చండి: కొత్త పాత్ కనబడి దానికి టెస్ట్ లేకపోతే బిల్డ్ ఆగాలి.